పదకొండు గుంజల నడక

వేసవి 61వ రోజు

పాత ఎనిమిదో నంబరు గని నాలుగో మట్టంలో నివసించే స్త్రీ, పురుష, మేకాది సమస్త ప్రాణులకూ ఘనంగా చాటించునది ఏమనగా: స్నానాల గదిలోని ఏకైక సబ్బుబిళ్లపై తలవెంట్రుక వదిలి వెళ్లిన మహానుభావులు మూడు సైరన్లలోగా వచ్చి తమ వెంట్రుకను తాము స్వాధీనం చేసుకోవలెను. లేనిచో సదరు వెంట్రుకను దీపాల గది తలుపుకు వేలాడదీసి, రంగును బట్టి, వంకరను బట్టి, జిడ్డును బట్టి యజమానిని తేల్చి, ఆ యజమాని గురక ఎన్ని గోడల అవతలికి వినిపించునో కూడా కొలిచి ప్రకటించబడును. దీనిపై అప్పీలు లేదు. ఇట్లు, నడక గది కొమురవ్వ, ఏడో తరగతి తప్పినది.

ఈ చాటింపును పొద్దున అందరూ హాజరు వేయించుకునే మస్టరు దగ్గర చదివాను. అందరూ నవ్వారు, మా ఆఫీసరు సంపత్‌రావు తప్ప. ఆయన కోపం వెంట్రుక గురించి కాదు, మేక గురించి. కిందటి వారం నేను నడక గదిలో నాలుగు గుంజలు వరసగా పాతాను. మొదటిది ఆఫీసరు, రెండోది ఆయన భార్య, మూడోది బామ్మర్ది, నాలుగోది వాళ్లింటి మేక. ఆయన ఇంట్లో భార్యతో తప్ప మాట్లాడడు. ఆమె తన తమ్ముడితో తప్ప ఇంకెవరి ముచ్చటా పట్టించుకోదు. ఆ తమ్ముడికి మేక ఒక్కటే లోకం. మాట్లాడుకునే వాళ్ల మధ్య తాడు కట్టి నడిస్తే అంకె పది వచ్చింది. మా దీపాల్లో మండే గ్యాసు అంకె కూడా పదే. అంకె ఒకటైతే సరుకు ఒకటే అన్నది గని నియమం కాబట్టి, ఆఫీసరు కుటుంబాన్ని దీపంలో పోసి వెలిగించుకోవచ్చని తేల్చి చెప్పాను.

అందుకు శిక్ష ఈ పుస్తకం. నడక గదిలో జరిగింది జరిగినట్టు, పరాచికాలు లేకుండా రాయాలి. ప్రతి పేజీ కింద ఆయన ముద్ర వేస్తాడు. చదవడు. చదివితే పై పేరా దగ్గరే ఆగిపోయేవాడు.

నడక అంటే ఏమిటో కూడా రాయమన్నాడు, పైనుంచి తనిఖీకి ఎవరైనా వస్తే చదువుకోవడానికట. పైనుంచి ఎవరొస్తారు? పైన వేసవి రెండొందల నలభై రోజులు. నీడలో ఉన్న ఇనుము కూడా అరచేతి తోలు లాగేస్తుంది. అయినా రాస్తాను.

మా తారు బట్టీలో ఏ సరుకు దించినా, దాని లోపలి కట్టడాన్ని చుక్కలు, గీతలుగా బొమ్మ గీస్తారు. ఆ బొమ్మను మేం నేల మీద కడతాం. చుక్కకో గుంజ, గీతకో తాడు. ప్రతి గుంజ నుంచీ మిగిలిన ప్రతి గుంజకూ దగ్గరి దారిన నడవాలి. దాటిన తాడుకో గులకరాయి బుట్టలో వేయాలి. ఏ జతనూ రెండుసార్లు నడవకూడదు. చివరికి గులకరాళ్లు ఎన్నో అదే ఆ సరుకు అంకె. నాలుగు గుంజలు వరసగా ఉంటే పది. ఒకదాని చుట్టూ మూడు ఉంటే తొమ్మిది. పది అంకె సరుకు తొమ్మిది దానికంటే కాస్త ఎక్కువ వేడికి మరుగుతుంది. నూనెల విషయంలో ఈ లెక్క అక్షరాలా నిలబడేది. యంత్రాలు చచ్చిపోయాక, మా తాతల కాలంలో, ఈ అంకె పట్టుకునే బట్టీలు నడిపారు. తర్వాత నూనె నుంచి సబ్బుకు, సబ్బు నుంచి మందుకు పాకింది. ఇప్పుడు మందుకు పేరు కూడా అంకే.

వేసవి 64వ రోజు

ఈరోజు నూటరవయ్యారు నడిచాం. గని జ్వరం మందు. ఇక్కడ అందరికీ తెలిసిన అంకె అదే. పిల్లలకు ఎక్కాలకంటే ముందు వచ్చేది అదే. గాలి ఉక్కగా ఉండే చోట చెమట ఆరదు. జ్వరం వస్తే ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు. నాలుగు రోజుల్లో మనిషి ఉడికిపోతాడు. ఈ తెల్ల పొడి పడితే సాయంత్రానికి దిగుతుంది.

పదకొండు గుంజలు. ఆరు గుండ్రంగా, వాటికి ఒక పక్క ఒంటి తోక, అదే ఒకటో గుంజ. ఎదురు పక్క ఇంకో తోక, చివర రెండుగా చీలినది. యాభై అయిదు జతలు. ఒకటో గుంజ జతలు పదీ నావి. మిగతావి రాజేశం, వాళ్లన్న పంచుకుంటారు. మొత్తం గనికి నడకవాళ్లం ముగ్గురమే.

"ఈ బొమ్మ మనం నడిచిందే గద సార్? మళ్ల ఎందుకు?" అని అడిగాను.

సంపత్‌రావు కిటికీ అవతల నిలబడి ఉన్నాడు. నడక గదిలోకి వట్టి కాళ్లతోనే రావాలి, ఆయన బూట్లు విప్పడు. పందొమ్మిదేళ్లుగా ఆయన పాదాలు ఎవరూ చూడలేదు. ఆరేసి వేళ్లున్నాయని పుట్టించింది నేనే.

"కొత్త డ్రమ్ము దిగింది. డ్రమ్ముకో నడక. నడువు."

నడిచాం. నేను ఒంటికాలి మీద గెంతుతూ నడిచాను, రాజేశం నవ్వి గులకరాళ్లు జారవిడిచాడు, ఏరుకుని మళ్లీ వేశాడు. నా బుట్టలో నలభై. మొత్తం నూట అరవై ఆరు. ఆఫీసరు కిటికీలోంచి చేయి చాచి డ్రమ్ము మీద ముద్ర కొట్టాడు. పాత డ్రమ్ము, సొట్టపడినది, సగం ఉంది. దాని పక్కనే కొత్తది పెట్టారు. రెండింటి మీదా ఒకే అంకె.

వేసవి 72వ రోజు

లసుమవ్వ పోయింది.

మా పక్క గది. పుట్టగొడుగుల దగ్గర పని. ఒకసారి నేను ఆమె చెప్పులు పైకప్పు బోల్టుకు వేలాడదీస్తే వారం రోజులు పలకలేదు. ఎనిమిదో రోజు నా దుప్పటి నాలుగు అంచులూ కలిపి కుట్టేసింది. ఈ గనిలో నాకు సరిజోడు ఆమే.

మొన్న జ్వరం వచ్చింది. కొత్త డ్రమ్ము పొడి వేశారు. జ్వరం దిగింది కూడా. నిన్న నేను వెళ్లేసరికి గోడకు చేరగిలబడి కూర్చుంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

"ఏం పూసుకున్నవే మూతికి? ఎవర్ని మురిపించనీకి?" అన్నాను.

నవ్వబోయింది. "ఊపిరైతే ఆడుతుందే కొమురీ. అందుతలేదు."

"అందకపోవుడేంది?"

"ఏమో. గాలి లోపలికైతే పోతుంది. పోయి ఊకె తిరిగొస్తుంది."

గోళ్లు కూడా నల్లబడ్డాయి. దవాఖాన ఆయా వేలికి సూది గుచ్చితే రక్తం ఎర్రగా రాలేదు. చింతపులుసు రంగులో వచ్చింది. ఆయా నా మొఖం చూసింది. నేను చేసిన పరాచికమేమోనని ఒక్క క్షణం అనుకుందట, తర్వాత చెప్పింది. నేను అంత దూరం వెళ్లనని ఆమెకు తెలిసుండాల్సింది. అయితే ఎంత దూరం వెళ్తానో నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు కదా.

పొద్దున రెండో సైరన్‌కు పోయింది. జ్వరం లేదు. ఒళ్లు చల్లగానే ఉంది.

వేసవి 76వ రోజు

ఇంకా ముగ్గురు. అందరూ నీలంగానే. దవాఖాన ఆయా అది కొత్త రకం గని జ్వరమని, మందు రెట్టింపు వేయమని ఆఫీసరుకు చెప్పింది. ఆమెకు చెప్పగలిగింది అంతే. మందు పట్టకపోతే ఎక్కువ వెయ్యాలి, అదే ఆమె నేర్చుకున్న చదువు.

రెట్టింపు వేసిన మనిషి ఒక పూటలో పోయాడు. ఐదుగురు.

నేను ఈరోజు ఏ చాటింపూ చదవలేదు. మస్టరు దగ్గర జనం నా వైపు చూశారు, ఏమైనా అంటానేమోనని.

వేసవి 77వ రోజు

బట్టీ అయిలయ్య వచ్చాడు. మా ఆయన ఓదెలుకు చిన్ననాటి జతగాడు. ముప్పై ఏళ్లు తారు ఆవిరి పీల్చి అతని ముక్కు పనిచేయడం మానేసింది. అతని కొత్త చొక్కా జేబులో నేను ఒక వారం కుళ్లిన పుట్టగొడుగు పెట్టినా కనిపెట్టలేదు. ఓదెలు కనిపెట్టి నన్ను తిట్టాడు.

అయిలయ్య గడపలో కూర్చుని తలకొట్టుకుంటున్నాడు.

"వదినె, ఒక మాట జెప్త. కొట్టవు గద?"

"మాటను బట్టి."

"సబ్బుకు వాడే కాస్టిక్ సోడ అయిపోయి రెండు నెలలాయె. నూటరవయ్యారుకు ఒంటి తోక అంటించాలంటె కాస్టిక్ గావాలె. ఆఫీసరుకు జెప్పిన. ఏదో ఒకటి జేసి అంకె దింపు అన్నడు."

"ఏం జేసినవ్?"

"గ్యాసు కడిగిన నీళ్లున్నయ్‌ గద, ఉచ్చకంపు లెక్క నవసారం వాసనొచ్చేవి. వాసనొచ్చేవంటరు, నాకైతే తెల్వదు. దాన్తోని తోక అంటిచ్చిన. తోక తోకే. బొమ్మ అదే. మీరు నడిసిన్రు, నూటరవయ్యారే అచ్చింది. నాకు సంబురమే అయింది వదినె."

"అంటే ఒకటో గుంజ..."

"చుక్క మారింది. ముందుగాల, కాస్టిక్ తోని అంటిస్తె, అది గాలి చుక్క. ఇప్పుడు నవసారం చుక్క. మా తాత ఆ పేర్లతోనే పిలుస్తుండె. బొమ్మల మాత్రం ఎవలూ రాయరు."

ఓదెలు అక్కడే అన్నం తింటున్నాడు. ప్లేటు పక్కకు పెట్టాడు.

"అది మందేనా, విషమా?" అన్నాడు.

"నాకేమెరుక? అంకె ఒకటే గదనే!" అన్నాడు అయిలయ్య. అంటూనే ఏడ్చాడు.

నేను కొట్టలేదు. ఒంటికాలి మీద గెంతుతూ ఆ డ్రమ్ముకు ముద్ర వేయించింది నేను.

వేసవి 78వ రోజు

ఆఫీసరు గదికి వెళ్లాను. బల్ల మీద నియమాల పుస్తకం ఉంది. అది ఆయన తాత చేతిరాత.

జరిగింది చెప్పాను. అయిలయ్య పేరు చెప్పలేదు, తోక సంగతి మాత్రం చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు. ఆ మాట రాయాలి. ఆయన చెడ్డవాడు అయ్యుంటే నాకు పని తేలికయ్యేది.

"కొమురవ్వా, చుక్కకు పేరేంది?" అన్నాడు. పుస్తకం తెరిచి మొదటి నియమం మీద వేలు పెట్టాడు. చుక్క చుక్కే.

"అది నూనెల కాలంల రాసింది సార్. అప్పుడు ప్రతి చుక్కా బొగ్గు చుక్కే. పేరు రాసుడెందుకని వదిలేసిన్రు. బొగ్గుగనిల పుట్టిన లెక్క గద, చుక్కంటే బొగ్గే అనుకున్నరు."

"నీకెవరు జెప్పిన్రు?"

"ఎవరైతేంది? మందుల అన్నీ బొగ్గు చుక్కలే లేవు. రెండు మూడు తీర్లున్నయ్‌. చివరి చుక్క మారితే మనిషి నల్లబడుతున్నడు."

"మేక మీద కూడ గిట్లనే మస్తు వివరంగా జెప్పినవ్."



ఆయన పుస్తకం మూసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఈ అంకె రాకముందు ఎట్లుండె తెలుసా? నాలుకకు రాసుకొని చూసి చెప్పెటోళ్లు. ఇది చేదు, మందు. ఇది తీపి, మందు గాదు. మా నాయనమ్మ గట్లనే పోయింది. ఆమెతోని పదిమంది. మందుకు అంకె అచ్చినంక ముప్పై ఏండ్లు ఒక్క మనిషి పోలె. ఇయ్యాల చుక్కకు పేరంటవు. రేపు ఒకడు రంగంటడు, ఇంకొకడు రుచంటడు. మళ్ల నాలుకలే. నేను ఒప్పుకోను."

"ఐదుగురు పోయిన్రు సార్."

"జ్వరంతోని పోయిన్రు. అంకె తప్పుంటే చూపియ్యి. ఒక్క గులకరాయి తేడా చూపియ్యి, ఈ చేత్తోనే డ్రమ్ము పారబోస్త."

నేను లేచాను.

వేసవి 79వ రోజు

నడకవాళ్లు ఏడాదికి ఒక్కసారి తిరుగు నడక అడగొచ్చు. అందులో వచ్చిందే చివరి మాట. దాన్ని మళ్లీ సరిచూడాలంటే ఆ బొమ్మ ఎప్పుడూ నడవని కొత్త కాళ్లు కావాలి, ఎందుకంటే అలవాటైన కాళ్లు పాత అంకెకే నడుస్తాయి. అది కూడా నియమమే, పుస్తకంలో పదమూడోది. కొత్తవాళ్లకు నడక నేర్పాలంటే నాలుగు నెలలు.

ఈరోజు అడిగాను. మట్టమంతా కిటికీ దగ్గరికి వచ్చింది. ఓదెలు ముందు వరసలో ఉన్నాడు. నేను గెంతలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. తల వంచుకుని తాడు తాడుకూ పాదం ఆన్చి నడిచాను.

ఒకటో గుంజ నుంచి గుండ్రంలోని ఆరింటికీ పదిహేను. ఎనిమిదో గుంజకు అయిదు. తొమ్మిదో గుంజకు ఆరు. పదో గుంజకు ఏడు. పదకొండో గుంజ దగ్గర ఆగాను. ఆ మూల దీపం వెలుగు సరిగా పడదు. పందొమ్మిదేళ్లుగా ఆ జతను చూపుతోనే ముగించేదాన్ని, పదో గుంజకు ఎంతో దీనికీ అంతే అనుకుని. ఈసారి పాదం పెట్టి నడిచాను. చీలిక దగ్గర, ముడి వెనక, తాడు రెండు తాళ్లుగా ఉంది. ఏడు కాదు, ఎనిమిది. చెరో తాడుకూ ఒక గులకరాయి వేశాను.

నా బుట్టలో నలభై ఒకటి. మొత్తం నూట అరవై ఏడు.

సంపత్‌రావు గులకరాళ్లను మూడుసార్లు లెక్కపెట్టాడు.  

"నడకల తప్పు చేసినవా, నవ్వులాటనా?" అని నాకొక్కదానికే వినపడేట్టు అడిగాడు.

"గులకరాళ్లతోని నేనెన్నడన్న ఆడిన్నా సార్?"

ఆడలేదు. ఆయనకూ తెలుసు. ఆఫీసరు మాట మీద నిలబడ్డాడు. కొత్త డ్రమ్మును దొర్లించుకుంటూ వెళ్లి, సొంత చేత్తోనే మురుగు నీళ్ల సంపులో పారబోశాడు. నీళ్ల మీద తెల్లగా తేలి, తర్వాత మునిగింది. జనం కేకలు పెట్టారు. అయిలయ్య నా కాళ్లు పట్టుకోబోతే తన్నాను.

అప్పుడు ఆయన వెనక్కి వెళ్లి సొట్టపడిన పాత డ్రమ్మును దొర్లించుకొచ్చాడు.

"సార్, అది మంచిదే!" అన్నాను.

"అదే బొమ్మ గద?" అన్నాడు.

"అదే బొమ్మ, కానీ..."

"అదే బొమ్మైతే అదే అంకె. నూటరవై ఏడు. నూటరవయ్యారు గాదు. నువ్వే నడిచినవ్ కొమురవ్వా."

దాన్ని కూడా పారబోశాడు. ఏ మాట చెప్పినా ముందు చెప్పిన మాటకు అడ్డం పడేది. బట్టీ మీద కొత్తగా ఆ బొమ్మ దించకూడదని ఉత్తర్వు రాసి, కవాటాల తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

వేసవి 86వ రోజు

నీలంగా ఎవరూ పోలేదు. ఏడు రోజులు. పుట్టగొడుగుల గదిలో ఒక పిల్ల తల్లి నాకు ఒక గిన్నె కూర తెచ్చిచ్చింది, నా పాదాలకు దండం పెట్టింది. నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

జ్వరంతో ఇద్దరు పోయారు. నాలుగేసి రోజులు. పొడి ఉంటే ఒక పూటలో దిగేది. దవాఖాన ఆయా తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. ఉక్కలో తడిగుడ్డ ఏం చేస్తుంది?

అయిలయ్యను అడిగాను. రెండో మట్టం వాళ్ల దగ్గర కాస్టిక్ దొరికిందట, ఒక పీపా. గాలి చుక్కతో అసలు మందే దించగలడట, మూడు రోజుల్లో.

"మరి దించు."

"తాళంచెవి ఆయన జేబుల ఉన్నది వదినె. నూటరవై ఏడు బొమ్మ దించరాదు. నువ్వు తేల్చిందే గద."

వేసవి 88వ రోజు

ఓదెలుకు పట్టుకుంది.

పొద్దున మస్టరుకు వెళ్తూ గోడ పట్టుకున్నాడు. నేను పరాచికం అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ఒక్క పరాచికం ఆడలేదని అప్పుడు గుర్తొచ్చింది. నుదురు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను.

"కాలుతుందానే?" అన్నాడు.

"లేదు. మామూలే."

"నీ అబద్ధం నాకు తెల్వదా?" అని నవ్వి పడుకున్నాడు.

వేసవి 89వ రోజు

రెండో రోజు. నీళ్లు నిలవడం లేదు. ఎవరెవరినో పిలుస్తున్నాడు, చనిపోయిన తన అక్కను, అయిలయ్యను. మధ్యలో ఒకసారి తెలివిగా కళ్లు తెరిచాడు.

"ఏమే, ఆ రోజు నువ్వు నడుస్తుంటె చూసిన."

"చూస్తివి. ఏముందండ్ల?"

"పదకొండో గుంజ కాడ జరంతసేపు ఆగినవ్."

"చీకటి గద ఆ మూల."

"ఊఁ," అని నా చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు. ఇంకేం అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

సంపత్‌రావు దగ్గరికి వెళ్లాను. పాత మందు దించనివ్వమని కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. ఆయన భార్యకు పొద్దుటి నుంచి జ్వరమట. గది లోపల మేక ఒకటే అరుస్తోంది, బామ్మర్ది దాన్ని ఊరుకోబెడుతున్నాడు.

"నా ఇంట్ల కూడ ఉన్నది కొమురవ్వా," అన్నాడు. "అయినా అంకె తప్పిన సరుకు పొయ్యనియ్య. నా భార్య కోసం ఒకసారి తప్పితే, ఇగ అంకెకు ఇలువేముంటది?"

తాళంచెవి ఉన్న జేబు మీద చెయ్యి వేసుకునే మాట్లాడాడు. లాక్కుందామనుకున్నాను. లాక్కుని బట్టీ తెరిస్తే అయిలయ్య దించేలోపే నన్ను పట్టుకుంటారు, పొడిని సంపులో పోస్తారు. అంకె మారితే తప్ప ఆ తాళం తెరుచుకోదు.

వేసవి 90వ రోజు

ఈ పేజీ మీద ముద్ర వేయించను. పొద్దున మొదటి సైరన్‌కు మస్టరు దగ్గర నేనే పైకి చదువుతాను. ఇది చాటింపు కాదు. నవ్వొద్దు. రాజేశం, ముఖ్యంగా నువ్వు.

ముందుగా మందు సంగతి. నూటరవయ్యారు అంకె ఉన్న సరుకు ఒకటి కాదు, కనీసం రెండు. ఒకటో గుంజ గాలి చుక్క అయితే అది జ్వరం దించుతుంది. నవసారం చుక్క అయితే రక్తాన్ని చింతపులుసు చేస్తుంది. లసుమవ్వనూ మిగతా నలుగురినీ చంపింది అదే. దానికి ముద్ర వేయించిన నడక నాది. అది బట్టీ తప్పు కాదు, అయిలయ్యను ఎవరూ ఏమీ అనొద్దు. అడగకుండా గెంతినదాన్ని నేను. మన నడక దూరాలను కొలుస్తుంది. ఆ దూరాల చివర ఎవరు నిలబడి ఉన్నారో దానికి తెలియదు. నూనెలకు ఆ సంగతి అక్కర్లేదు. మనుషులకు కావాలి.

కాబట్టి సంపత్‌రావు సార్, ఇవ్వాళ్టి నుంచి ప్రతి గుంజ మీదా సుద్దతో ఒక అక్షరం రాయించండి. బొగ్గుకు బొ, గాలికి గా, నవసారానికి న. నాలుకలు వద్దు, రుచులు వద్దు, అంకె అంకెగానే ఉండనివ్వండి. పక్కన అక్షరం ఒక్కటి. అయిలయ్య దగ్గర కాస్టిక్ ఉంది. గాలి చుక్కతో ఈ పూటే మొదలుపెడితే ఎల్లుండి సాయంత్రానికి పొడి దిగుతుంది. మీ ఇంట్లో వాళ్లకు రెండో రోజు. మా ఇంట్లో మూడో రోజు. ఎల్లుండి సాయంత్రం అంటే మాకు ఐదో రోజు అవుతుంది. నాలుగో రోజు దాటిన వాళ్లను నేను చూడలేదు. ఆయన దాటుతాడేమో చూస్తాను. దాటకపోయినా దించండి, జ్వరాలు ఆయనతో ఆగవు.

మీరు అడుగుతారు, నూటరవై ఏడు తేలిన బొమ్మను ఎలా దించనివ్వాలి అని. మీ నియమం ప్రకారం తిరుగు నడక చివరి మాట, కొత్త కాళ్లకు నాలుగు నెలలు. కొత్త కాళ్లు అక్కర్లేదు. బూట్లు విప్పి మీరే రండి. మీరు ఆ బొమ్మ ఎప్పుడూ నడవలేదు. ఒకటో గుంజ దగ్గర నిలబడండి. గుండ్రంలోకి ఒక తాడు, గుండ్రంలో మూడు తాళ్లు, ఎనిమిదో గుంజకు ఒకటి, తొమ్మిదో గుంజకు ఒకటి, పదకొండో గుంజకు ఒకటి. దీపం పట్టుకుని చూడండి. ముడి వెనక రెండో తాడు ఏదీ లేదు; ఉండుంటే పదకొండో గుంజకు రాజేశం వాళ్లు నడిచిన జతలు కూడా పెరిగేవి. ఎప్పుడూ లేదు. నేను అక్కడ ఆగింది చీకటికి కాదు, చేతిలో అదనంగా దాచుకున్న గులకరాయి వేయనా వద్దా అని.

ఆ రోజు ఈ పుస్తకంలో రాసిందంతా జరిగినదే, ఆ ఎనిమిది ఒక్కటి తప్ప. దాన్ని నేను పుట్టించాను. ఏడే.